ఆర్లిస్ కట్టిన విమానం

మా పచ్చిక రన్‌వే పక్కనున్న షెడ్లలో చివరిది టెస్‌డాల్ వాళ్ళది. దాని పక్కది నాది. ఆర్లిస్ టెస్‌డాల్ సంగతి నాకు తెలిసినంతగా అమెరికాలోని ఈ విస్కాన్సిన్ రాష్ట్రం మొత్తంలో ఇంకెవడికీ తెలియదు. తెలుసునన్నవాణ్ణి నా ముందుకొచ్చి చెప్పమనండి.

ఆర్లిస్ హైస్కూల్లో వంటమనిషి. మొగుడు వెర్లిన్ పాల ట్యాంకరు తోలేవాడు. పిల్లల్లేరు. ఇద్దరూ కలిసి పన్నెండు చలికాలాలు ఇంటి గరాజులో రెండు సీట్ల విమానం కట్టారు. కట్టారంటే నిజంగానే కట్టారు, రేకు కోసి, బెజ్జాలు వేసి, రివెట్టు తర్వాత రివెట్టు కొట్టి. రివెట్టు కొట్టాలంటే ఇద్దరుండాలి. బయటినుంచి ఒకరు యంత్రంతో కొడుతుంటే, లోపలినుంచి ఒకరు ఇనపదిమ్మ అదిమిపట్టాలి. వెర్లిన్‌ది పీపాలాంటి ఒళ్ళు. తోక గొట్టంలో దూరగలిగింది ఆర్లిసే. చెవుల్లో దూది కుక్కుకుని మధ్యాహ్నమంతా అందులోనే పడుకుని ఉండేది. "ఒరేయ్ వెర్లిన్, నన్ను లోపలే పెట్టి మూసెయ్యకు, రాత్రికి నీకు వండిపెట్టే దిక్కుండదు!" అని లోపల్నించే అరిచేది.

అంతా అయ్యాక విమానాలకి అనుమతులిచ్చే సర్కారు ఆఫీసు మనిషి చూడ్డానికొచ్చాడు. ఇంట్లో కట్టుకున్న విమానాన్ని ఏటా విప్పి చూసి, ఎగరొచ్చని సంతకం పెట్టే హక్కు కట్టినవాళ్ళకి ఇస్తారు. అయితే ఒక విమానానికి ఒక్క పేరే. "ఎవరి పేరు రాయమంటారు?" అని అడిగాడాయన. వెర్లిన్ నోరు తెరిచేలోపే ఆర్లిస్, "ఆయన పేరే రాయండి బాబూ, ఎవరిదైతేనేం" అని కాఫీ పోసింది. మాలో మొగుడూపెళ్ళాలు కలిసి కట్టినవాళ్ళందరూ అలాగే మొగుడి పేరే రాయించుకున్నారు.

ప్రతి జనవరిలో వాళ్ళ వంటింటి బల్ల మీద ఆ ఏటి తనిఖీ బడ్జెట్టు తేలేది. ఊళ్ళో ప్రతి శుక్రవారం జరిగే చేపల విందులకి ఆర్లిస్ చేసి అమ్మే ఆపిల్ పై అనే తీపి రొట్టెల డబ్బు దానికే. టైర్లకింత, బ్రేకులకింత, పెట్రోలు గొట్టాలు ఈసారి మార్చాలా, ఇంకో ఏడాది లాగించొచ్చా అని తెగ వాదులాడుకునేవాళ్ళు. కూలి దగ్గరకొచ్చేసరికి మాత్రం వెర్లిన్ గుండ్రంగా సున్నా చుట్టేవాడు. "మన చేతులకి మనం కూలిచ్చుకుంటామేంటే!" అనేవాడు. మార్చిలో ఇద్దరూ విప్పేవాళ్ళు, ఇద్దరూ చూసేవాళ్ళు, అతను సంతకం పెట్టేవాడు. మిగతా ఏడాదంతా నడిపేది ఎక్కువగా ఆర్లిసే. పైకెళ్తే అతనికి నిద్రొచ్చేది.

ముందటేడు డిసెంబర్లో వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ వెర్లిన్ అక్కడికక్కడే కూలిపోయాడు.

కిందటేడు జనవరిలో ఆర్లిస్ ఫోన్ చేసింది. వెళ్తే బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది.

"లీలండ్, కూలి దగ్గర ఎంత వెయ్యాలో తోచడం లేదు."

"ఎప్పట్లాగే సున్నా వెయ్."

"సంతకం పెట్టే మనిషి పోయాడుగా" అంది. అప్పటిదాకా ఆ సంగతి నా మట్టిబుర్రకి తట్టలేదు.

"నువ్వూ కట్టావుగా! ఆ హక్కు నీ పేర రాయమని అడుగుదాం" అని నేనే కారెక్కించి ఆఫీసుకి తీసుకెళ్ళాను. అక్కడి పెద్దమనిషి మర్యాదస్థుడే. "తప్పకుండా చూస్తానమ్మా. కట్టింది మీరేనని ఆధారాలు చూపించండి చాలు" అన్నాడు. ఆర్లిస్ ఫోటోల ఆల్బం తెరిచింది. అందులో అన్నీ వెర్లినే. యంత్రం పట్టుకున్న వెర్లిన్, రెక్క మోస్తున్న వెర్లిన్, రంగు వేస్తున్న వెర్లిన్. ఆర్లిస్ ఉంటే కెమెరా వెనకుంది, లేకపోతే తోక లోపలుంది. ఒక్క ఫోటోలో మాత్రం తోక గొట్టంలోంచి రెండు బూటు అడుగులు బయటికొచ్చి ఉన్నాయి.

"ఇవి నావి" అంది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "బూట్లు ఎవరివైనా కావచ్చు కదమ్మా. ఈ ఆధారంతో నేనేం చెయ్యలేను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను చూశానయ్యా, నా కళ్ళతో చూశాను!" అని బల్ల గుద్దాను. ఆర్లిసే నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. ఇల్లు వచ్చాక, "కెమెరా నాకివ్వు వెర్లిన్ అని ఎప్పుడూ నేనే లాక్కునేదాన్ని, ఖర్మ" అంది.

ఇక ఆ సంతకానికి లైసెన్సున్న మెకానిక్కుని పెట్టుకోవాలి. ఎవర్నడిగినా ఇంట్లో కట్టిందా అని మొహం చిట్లించేవాళ్ళే. చివరికి కర్టిస్ జియెంబా అనే కుర్రాడు ఒప్పుకున్నాడు. కానీ తను ఎన్నడూ చూడని విమానం కాబట్టి మొత్తం విప్పి చూడాలన్నాడు. అతను చెప్పిన కూలి, మూడేళ్ళు ఆపిల్ పైలు అమ్మితే వచ్చేంత డబ్బు. బడ్జెట్టు మూడుసార్లు కొట్టేసి రాసింది ఆర్లిస్. వెర్లిన్ సొంత ట్రక్కు అమ్మేసి ఆ కూలి ఇస్తే కర్టిస్ సంతకం పెట్టాడు. ఆ ఒక్క వేసవీ ఎగిరింది. దిగొచ్చినప్పుడల్లా పక్క సీటు వైపు చూసి ఏదో అనబోయి ఆగిపోయేది.

ఈ ఏడు ఎలాగో డబ్బు కూడబెట్టుకుని ఉండగా కర్టిస్ తనే వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"నన్ను తిట్టండమ్మా, పడతాను. ఇంట్లో కట్టినవాటికి సంతకం పెడితే నా ఇన్సూరెన్సు రద్దు చేస్తామని కంపెనీవాళ్ళన్నారు. నాకిద్దరు పిల్లలు."

"నిన్నెందుకు తిడతాను నాయనా? కూర్చో, కాఫీ తాగు" అంది.

ఇంకో మెకానిక్కు కోసం ఇద్దరం కాళ్ళరిగేలా తిరిగాం. దొరకలేదు. పోనీ అమ్మేద్దామని లాయర్ని అడిగితే, కొన్నవాడు ఎక్కడైనా కూలి చస్తే వాడి పెళ్ళాం కట్టినవాళ్ళ మీద దావా వేస్తుందనీ, వెర్లిన్ లేడు గనక అది ఆర్లిస్ ఇంటి మీదికే వస్తుందనీ చెప్పాడు. ఎగిరే విమానంగా అమ్మొద్దు, విప్పేసి ముక్కలుగా అమ్మండి అన్నాడు.

ఆర్లిస్ నవ్వింది. ఆ నవ్వు నేను మళ్ళీ వినకపోతే బాగుండును. "దావాకైతే నేను కట్టినట్టేనన్నమాట!" అంది.

ఏప్రిల్లో ఇంజను ఎవడో కొనుక్కుపోయాడు. మిగిలిన రేకు తుక్కుకే. నేను షెడ్డుకి వెళ్ళేసరికి ఆర్లిస్ స్కూలు వంటింటి గౌనుతోనే డ్రిల్లు పట్టుకుని నిలబడి ఉంది.

"ఇటివ్వు తల్లీ, నేను చేస్తాను. నువ్వు ఇంటికి పో" అన్నాను.

"నీకు చేతకాదు. రేకు చింపేస్తావ్."

"చిరిగితే ఏం? తుక్కేగా!"

ఆర్లిస్ డ్రిల్లు ఆన్ చేసింది. ఒక్కో రివెట్టు తల మీద సరిగ్గా నడిమధ్యన మొన పెట్టి, రేకుకి గీత కూడా పడకుండా ఊడదీస్తోంది. తోక దాకా వచ్చి ఆగింది.

"లీలండ్, ఈ పనికి ఎవరి సంతకం కావాలి?"

"ఎవరిదీ అక్కర్లేదు" అన్నాను.

సరేనని తలూపి, మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ డ్రిల్లు ఆన్ చేసింది.