శిరీష మోకాలు, నూకరత్నం మాట

నర్సీపట్నంలోని ఒక డిగ్రీ కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్‌గా నన్ను బదిలీ చేసేనాటికి నా సర్వీసు ఇంకా ఆరేళ్లు మిగిలి ఉంది. జూన్ మొదటి వారంలో చేరాను. ఫిజికల్ డైరెక్టర్‌ది లెక్చరర్లతో సమానమైన హోదాయే గానీ పాఠం చెప్పే గది ఉండదు. మైదానం, ఆట సామాను, జట్లు, వాటి కాగితాలు మా పని. ఆ కాగితాల్లో ముఖ్యమైనది టీం లిస్టు. పోటీకి వెళ్లే పన్నెండుగురి పేర్లు రాసి, వీళ్లు మా విద్యార్థులేననీ, ఆడటానికి తగిన ఆరోగ్యంతో ఉన్నారనీ ధ్రువీకరిస్తూ పి.డి. సంతకం చేయాలి. ఆ తర్వాతే ప్రిన్సిపాల్ సంతకం. రెండో సంగతి గురించి ఆలోచించకుండానే నేను ఇరవై ఏళ్లకు పైగా సంతకాలు చేస్తూ వచ్చాను.

అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు అప్పటికి కెప్టెన్ శిరీష. ఏటికొప్పాక దగ్గర చెరకు పండించే రైతు కూతురు. సెకండియర్. మంచి పొడవు, మంచి చేతివాటం. మిగతా నలుగురూ ఆమె చుట్టూ ఆడేవారు.

ఆ ఏడాదే నాతవరం వైపు నుంచి నూకరత్నం ఫస్టియర్‌లో చేరింది. స్కూల్లో ఖోఖో ఆడిన పిల్ల. బాస్కెట్‌బాల్ ముట్టుకోలేదు. బంతి చేతికి రాగానే పరుగు తీసేది. బంతిని నేలకు కొట్టకుండా అడుగులు వేయడాన్ని ట్రావెలింగ్ అంటారు. బంతి అవతలి జట్టుకు పోతుంది. ప్రాక్టీసులో నేను వేసే విజిళ్లలో సగం ఆ అమ్మాయికే. పన్నెండు పేర్లు నిండాలి కాబట్టి లిస్టులో ఆఖరి పేరుగా రాశాను. ఆ సీజను మొత్తంలో ఒక్క నిమిషం కూడా ఆడించలేదు.

మానేస్తుందనుకున్నాను. మానలేదు. షేర్ ఆటోలో అందరికంటే ముందే వచ్చి, ఒక పక్కకు వంగిన రింగు దగ్గర ఒంటరిగా బంతి కొడుతూ ఉండేది. సెకండియర్‌కు వచ్చేసరికి అడుగులు అదుపులోకి వచ్చాయి. షాట్ మాత్రం కుదరలేదు. అయితే ఖోఖోలో అలవాటైన వంగిన నడుము, చటుక్కున దిశ మార్చే కాళ్లు డిఫెన్స్‌కు పనికొస్తాయని నాకు ఆలస్యంగా తట్టింది. ఒక ఏడాదంతా ఆ విషయం చూడకపోవడం నా లోపమే. అప్పటి నుంచి ఎదుటివాళ్లకు అడ్డుపడటమే నేర్పించాను. మేం గెలవబోతున్న మ్యాచుల్లో చివరి నాలుగైదు నిమిషాలు పంపేదాన్ని. తక్కిన సమయం బెంచీ మీదే.

ఆ సంవత్సరం అంతర్ కళాశాల పోటీలు ఫైనలియర్‌కు వచ్చిన శిరీషకు ఆఖరివి. యూనివర్సిటీ జట్టును ఎంపిక చేసే సెలెక్టర్లు ఆ మ్యాచులు చూస్తారు. యూనివర్సిటీకి ఆడిన సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దారి ఉంటుంది. శిరీష ఇంట్లో అందరూ దాని మీదే ఆశ పెట్టుకున్నారు.

బయలుదేరడానికి మూడు రోజుల ముందు నూకరత్నం స్టోర్ రూమ్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడమ్, శిరీషక్క ఎడం కాలి మీద దిగట్లేదండి. ఎగిరినప్పుడల్లా కుడికాలే ముందు పెడతంది. నాలుగు రోజులై సూస్తన్నాను."

నేను బంతుల్లో గాలి చూస్తున్నాను. తల ఎత్తకుండానే, "నిన్ను ఆడించమని అడగడానికి ఇదా దారి?" అన్నాను.

"నన్నాడించొద్దండి. అక్కని ఓసారి సూడండి, సాలు" అని వెళ్లిపోయింది.

సాయంత్రం శిరీషను అడిగాను. ఏమీ లేదంది. నా ఎదుట రెండుసార్లు ఎగిరి చూపించింది. రెండోసారి దిగినప్పుడు ఆమె పెదవి బిగుసుకోవడం నేను చూశాను. చూసి కూడా మర్నాడు లిస్టు మీద సంతకం పెట్టాను. ఆమె లేకుండా గెలవలేమని నాకు తెలుసు. ఆమెకు అది ఆఖరి అవకాశమని కూడా తెలుసు. ఈ రెండూ కలిసి నన్ను నోరు మూయించాయి.

సెమీఫైనల్ మూడో క్వార్టర్లో నాలుగు పాయింట్లు ముందున్నాం. రింగుకు తగిలి వెనక్కి వచ్చిన బంతి కోసం శిరీష ఎగిరింది. పక్కవాళ్లు తగలడంతో ఎడమ కాలి మీద దిగాల్సి వచ్చింది. మోకాలు లోపలికి మడతపడి కూలిపోయింది. చిన్న చప్పుడు నాకు బెంచీ దగ్గరికి వినిపించింది. ఆమె అరవలేదు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని నేలకేసి తల ఆనించింది.

స్ట్రెచర్ మీద తీసుకెళుతుండగా స్కోరర్ బల్ల దగ్గర మార్పు చెప్పమని రిఫరీ నన్ను పిలిచాడు. నూకరత్నం వైపు చూశాను. ఆమె చూపు స్ట్రెచర్ వెంటే ఉంది.

"అక్కకి తోడెవరెళ్తన్నారండి?" అంది.

మాతో వచ్చిన లెక్చరర్ వెళుతున్నారని చెప్పాను. అప్పుడు లేచింది.

మిగిలిన ఆ పదమూడు నిమిషాల్లో ఆ అమ్మాయి వేసింది ఒకే షాట్. అదీ పడలేదు. అవతలి జట్టు గార్డు, అంటే బంతిని నడిపించే అమ్మాయి, చాలా వేగం గలది. నూకరత్నం ఆమెను వదలలేదు. మా నాలుగు పాయింట్ల ఆధిక్యం ఒక పాయింటుకు తగ్గింది. ఆట ముగియడానికి కొన్ని సెకన్లుండగా ఆ గార్డు రింగు వైపు దూసుకొచ్చింది. నూకరత్నం ముందుగానే దారిలో రెండు కాళ్లూ నాటి కదలకుండా నిలబడింది. గుద్దుకుని ఇద్దరూ పడ్డారు. కదలకుండా నిలబడినవాళ్లను ఢీకొంటే తప్పు ఢీకొన్నవాళ్లదే. బంతి మాకు వచ్చింది. గెలిచాం. మర్నాడు ఫైనల్లో ఓడిపోయాం.

శిరీష మోకాల్లో లిగమెంట్ తెగిందని, అది కొత్త దెబ్బ మాత్రమే కాదని డాక్టరు చెప్పాడు. వారం తర్వాత ఆమె తండ్రి ప్రిన్సిపాల్ గదికి వచ్చారు. గొంతు పెంచే మనిషి కాదు. చేతిలోని తువ్వాలు మడత పెడుతూ నన్ను అడిగారు.

"మా పిల్లకి ముందే కాలు బాగోలేదని మీకు తెలుసునాండి?"

నేను ప్రిన్సిపాల్ వైపు చూశాను. ఫైనల్ అయ్యాక ఆసుపత్రిలో శిరీషకు తోడున్నదని నూకరత్నాన్ని కూడా పిలిపించారు. ఆయన ఆమె వైపు తిరిగారు. "నువ్ సెప్పమ్మా. ఎవరికీ తెలీదా?"

నూకరత్నం నా వైపు చూడలేదు. గోడ మీది కేలెండర్ వైపు చూస్తూ నిలబడింది. తెలీదని ఆమె ఒక్క మాట అంటే సంగతి అక్కడితో అయిపోతుంది. ఆమె అనలేదు. తెలుసనీ అనలేదు. జవాబు చెప్పడం ఆ పిల్ల నాకే వదిలిపెట్టిందని అర్థమైంది.

"నాకు తెలుసండీ," అన్నాను. "ఈ అమ్మాయి మూడు రోజుల ముందే చెప్పింది. నేను కటువుగా మాట్లాడి పంపేశాను. శిరీషను చూసి కూడా లిస్టు మీద సంతకం పెట్టాను."

ఆయన మడత పెట్టిన తువ్వాలు భుజాన వేసుకున్నారు. "సెప్పారు, అంతే సాలు," అని లేచి వెళ్లిపోయారు. నా వైపు మళ్లీ చూడలేదు. ప్రిన్సిపాల్ నాకు మెమో ఇచ్చారు. సంజాయిషీలో గదిలో చెప్పినదే రాసి ఇచ్చాను. అది నా సర్వీసు ఫైలులో ఉంది.

శిరీషకు ఆపరేషన్ జరిగింది. నడక మామూలైంది, ఆట పోయింది. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో పని చేస్తోంది. ఉద్యోగం దొరికిందని చెప్పడానికి ఒకసారి ఫోన్ చేసింది, కాలి ప్రస్తావన తేలేదు. నేనూ తేలేకపోయాను.

మరుసటి సంవత్సరం మొదటి మ్యాచ్ నుంచే నూకరత్నం మొదటి ఐదుగురిలో ఉంది. ఎవరి స్థానంలోనో కాదు, డిఫెన్స్‌లో ఆమెకు సాటి వచ్చేవాళ్లు జట్టులో లేరు కాబట్టి. షాట్ కూడా కొద్దికొద్దిగా కుదిరింది. గొప్ప క్రీడాకారిణి కాలేదు. నమ్మి పంపదగిన ప్లేయర్ అయింది. అందుకు రెండేళ్లు పట్టింది. అందులో ఒక ఏడాది నా వల్ల ఆలస్యం.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా టీం లిస్టు మీద సంతకం పెట్టే ముందు బెంచీ మీద కూర్చునే వాళ్లను ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఎవరు ఎలా ఉన్నారని అడిగేదాన్ని. వాళ్లు చెప్పింది విని రెండుసార్లు మంచి ప్లేయర్లను ఇంటి దగ్గరే ఉంచేశాను. రెండుసార్లూ మొదటి రౌండులోనే ఓడి వచ్చాం. ఆ ఓటములకు నేను ఎవరికీ సంజాయిషీ రాయవలసిన అవసరం రాలేదు.