జెండా పండుగ నాడు పుట్టిన అక్క

అక్క మీద నా ఓర్వలేనితనానికి ముప్పై ఏళ్లు. కారణం నగలు కాదు, చదువూ కాదు. ఒక తారీఖు.

అక్క ఆగస్టు పదిహేనున పుట్టింది, గద్వాల దవాఖానలో, బయట జెండా ఎగరేస్తుండగా. నేను ఇటిక్యాల దగ్గర మా ఊళ్లో, ఇంట్లోనే పుట్టాను. ఎప్పుడని అడిగితే పల్లికాయ పీకే రోజుల్లో అనేది అమ్మ, అంతే. తారీఖు తెలియని పిల్లలందరికీ బడిలో సారు జూన్ ఒకటి రాసేవాడు. నన్ను చేర్చిన రోజు అప్పటికే ఏడుగురికి అదే రాసి విసుగొచ్చిందేమో, నాకు రెండు రాశాడు.

హైస్కూల్లో నల్లబల్ల మీద 'చరిత్రలో ఈ రోజు' రాసే పని నాది. జనరల్ నాలెడ్జ్ పుస్తకం చూసి ఏ తారీఖున ఏ యుద్ధం ముగిసిందో, చంద్రుడి మీద ఎప్పుడు కాలు పెట్టారో రాసేదాన్ని. ఆగస్టు పదిహేను వచ్చిందంటే కడుపు మండేది. మనకు స్వాతంత్ర్యం ఆ రోజే. జపాన్ చేతుల్లోంచి కొరియా బయటపడింది ఆ రోజే. పనామా కాలువలో ఓడలకు దారి తెరిచింది కూడా ఆ రోజే. అన్నీ అక్క కోసమే జరిగినట్టుండేది. ఒక ఏడు పనామా కాలువను కావాలనే ఎగ్గొట్టాను.

జూన్ రెండున ఏముందని చూస్తే లండన్‌లో ఒక రాణికి కిరీటం పెట్టారట. ఆమె ఎవరో, నేనెవరో. పోనీ అదైనా రాద్దామంటే అప్పుడు బడికి ఎండాకాలం సెలవులు.

రెండు వేల పద్నాలుగులో అదే జూన్ రెండున తెలంగాణ వచ్చింది. ఊరూరా జెండాలు, పటాకులు, మిఠాయిలు. రాష్ట్రం వచ్చినందుకు సంతోషించాను. అక్కకు సమానమైనందుకు ఇంకా ఎక్కువ సంతోషించాను. అప్పటి నుంచి ఏటా ఆ రోజు లడ్డూల డబ్బా పట్టుకుని వనపర్తిలో అక్క ఇంటికి వెళ్తున్నాను. ప్రేమతో కాదు, చూపించుకోవడానికి.

మొన్న జూన్‌లోనూ వెళ్లాను. చిన్నప్పుడు ఊరంతా నీ పుట్టినరోజే చేసేది, ఎంత అదృష్టవంతురాలివో అని దెప్పాను. అక్క నవ్వలేదు.

"జెండా పండుగ నాడు బడిల అందరికీ ఒక చాక్లెట్ ఇస్తుండ్రి. నాకూ ఒకటే ఇచ్చిండ్రు. నీకేందే, నువ్వు అలిగిన దినమల్లా నీ పుట్టిన దినమే. అమ్మ బెల్లం పాయసం వండుతుండె. నాకు ఒక్కనాడన్న వండమంటే, నీకు జెండా ఉంది గద బిడ్డా అంటుండె."

నిజమే. నాకు తారీఖు లేదని ఏడ్చినప్పుడల్లా, ఈ రోజే నీ పుట్టినరోజు అనుకో అని అమ్మ పొయ్యి ముట్టించేది. ఏడాదికి నాలుగైదు సార్లు. అప్పుడు అక్క ఎక్కడ కూర్చునేదో, తనకూ గిన్నెలో పెట్టేవాళ్లమో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. నా ఏడుపు మాత్రం బాగా గుర్తుంది.

అక్క కూడా నన్ను చూసి కళ్లల్లో నిప్పులు పోసుకుందని తెలియగానే నాకు ముందు కలిగింది సంతోషం. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కాసేపయ్యాక, ఈ సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నువ్వు మళ్ల అలిగేటిదానివి," అంది అక్క. "అమ్మ మళ్ల నీకే వండేటిది."