పిడి లేని తలుపు

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా ఇంటి తలుపులకు కూడా వారాలు, వర్జ్యాలు ఉండేవి. శుక్రవారం నాడు తలుపు మీద సుత్తి దెబ్బ పడకూడదు, లక్ష్మి ఉలిక్కిపడి వెళ్లిపోతుంది. శనివారం నాడు ఇనుప సామాను గడప దాటి లోపలికి రాకూడదు, వెంట శని వస్తాడు. ఈ చట్టాలన్నీ మా జేజివి. జేజి అంటే మా నాయనకు అమ్మ. మనిషి బక్కపలచన, నోరు మాత్రం గట్టిది. మా నాయన పదిమంది కూలీలను అదిలించే మనిషే కానీ, ఆమె ముందు మాత్రం కండువా సర్దుకుని నిలబడేవాడు. నేనైతే ఆమె కనుచూపు మేరలో అల్లరి చేసి ఎరగను.

మా ఇంట్లో గింజల గది ఒకటి ఉండేది. జొన్న బస్తాలు, కంది బస్తాలు అందులో పేర్చేవాళ్లు. దాని తలుపు పాతకాలపు టేకుది, లోపలికి తెరుచుకునేది. బయటివైపు ఒక పిడి, పిడి పైన బొటనవేలితో నొక్కే మీట ఉండేవి. మీట నొక్కితే లోపలివైపు ఇనుప గడియ లేచి తలుపు కదిలేది. మళ్లీ మూస్తే గడియ తనంతట తాను టక్కుమని కొక్కెంలో పడేది. ఎన్ని తరాల చేతులు పట్టుకున్నాయో, ఆ పిడి అరిగి అరిగి సన్నబడింది. మీట కూడా విరగడానికి సిద్ధంగా ఉంది. మార్చాలి మార్చాలి అని నాయన అంటూనే ఉండేవాడు.

చివరికి ఒక శుక్రవారం నంద్యాలకు పోయి కొత్త పిడి తెస్తానన్నాడు. అదే కొలతది దొరకాలంటే పాతది చేతిలో ఉండాలి. శుక్రవారం తలుపు మీద చెయ్యి వేస్తే జేజి ఊరుకోదు కాబట్టి గురువారం సాయంత్రమే మీటతో సహా పిడి ఊడదీశాడు. శుక్రవారం కొన్నది శనివారం బిగించుకోవచ్చు, ఇనుము అప్పటికే ఇంట్లో ఉంటుంది కాబట్టి దోషం లేదు. అలా వారాలన్నీ చక్కగా కుదిరాయి. పిడి ఉన్నచోట తలుపుకు వేలు పట్టేంత బొక్క మిగిలింది.

అదే వారం జొన్నలకు పురుగు పట్టింది. శుక్రవారం ఉదయం బస్సుకు పోయే ముందు నాయన బస్తాల మధ్య పురుగుల మందు గోళీలు పెట్టాడు. ఆ గోళీలు గాలి తగిలి మెల్లగా విషవాయువు వదులుతాయి. మూసిన గదిలో పురుగు చస్తుంది, మనిషి ఉంటే మనిషీ చస్తాడు. మిద్దె మీది గవాక్షానికి నాపరాయి కప్పి, చుట్టూ మట్టి మెత్తాడు. తలుపు బొక్కలో పాత గుడ్డ కుక్కాడు. బయట మీట లేదు కాబట్టి లోపల గడియ పడిందంటే ఇక బయటినుంచి లేపే దారి లేదు. అందుకని గడియ పడనివ్వకుండా తలుపును దగ్గరకు లాగి, గోనెపట్ట ముక్క మడిచి అంచున ఇరికించాడు. గదిలోకి ఎవరూ పోవద్దని అమ్మకూ జేజికీ చెప్పాడు. నాకు ఎవరూ చెప్పలేదు. విషం సంగతి పిల్లల చెవిన వేస్తే భయపడతారని ఆ రోజుల్లో పెద్దవాళ్ల నమ్మకం.

పొద్దెక్కాక అమ్మ చేనికి సంగటి తీసుకుని పోయింది. జేజి పెరట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. శ్రావణ మాసపు గాలి రొయ్యిమని వీస్తోంది. ఆ గాలికి గోనెపట్ట జారినట్టుంది, గింజల గది తలుపు కాస్త ఓరగా తెరుచుకుంది. మా ఎర్ర పెట్ట గుడ్డు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ ఆ సందులోంచి లోపలికి దూరింది. గింజల గదిలో కోడి కనబడితే జేజి ఇల్లు పీకి పందిరి వేస్తుంది. ఆమె చూసేలోగా తరిమేద్దామని నేను వెనకే పోయాను.

లోపల చీకటి. సందులోంచి పడే వెలుతురు తప్ప ఇంకేమీ లేదు. పెట్ట బస్తాల వెనక ఎక్కడో గీరుతోంది. నేను చప్పట్లు కొడుతూ ఆ మూలకు పోయి తరుముకొచ్చాను. అది ఒక్కసారిగా రెక్కలు కొడుతూ నా ముఖం మీదికి ఎగిరింది. నేను వెనక్కి పడ్డాను. నా వీపు తలుపుకు తగిలింది. తలుపు మూసుకుంది. టక్కుమని గడియ పడింది.

ఆ చప్పుడు నాకు ఈనాటికీ చెవిలో ఉంది. మొదట గడియ కోసం తడిమాను. దొరికింది, కానీ లేవలేదు. తుప్పు పట్టిన ఇనుము, నావి పిల్ల చేతులు. గడియ పట్టుకుని తలుపును నా వైపుకు గుంజాను, గుంజేకొద్దీ అది ఇంకా బిగుసుకుంది. అప్పుడు నా కాలి మీదుగా ఏదో పాకినట్టయింది. గోనె పోగో, పెట్ట ఈకో అయి ఉంటుంది, కానీ నా మనసులో మాత్రం అది తేలు. మా వైపు నాపరాళ్ల కింద తేళ్లకు కొదవలేదు. గడియ వదిలేసి వెనక్కి వెనక్కి పోయి బస్తాల మధ్యకు చేరాను. ఆ గోళీలు పెట్టింది ఆ బస్తాల మధ్యనే. అక్కడ నక్కి కూర్చుని కెవ్వున ఏడ్చాను.

జేజి పరుగున వచ్చింది. తలుపు అవతల ఆమె కాళ్ల చప్పుడు విన్నాను, భుజంతో తలుపును గుద్దడమూ విన్నాను. ఒకసారి, రెండుసార్లు, ఆ తర్వాత ఆగకుండా. ఆమె గుద్దిన ప్రతిసారీ గడియ కిర్రుమని ఇంకా లోతుగా కరుచుకుంటోంది. ఆ చప్పుడుకు నాకు భయం రెట్టింపయింది. ఎవరో నన్ను తినడానికి తలుపు పగలగొడుతున్నట్టు అనిపించింది. జేజి అని తెలుసు, అయినా అలాగే అనిపించింది.

తర్వాత గుద్దడం ఆగిపోయింది. ఆమె వెళ్లిపోయిందనుకున్నాను, నా ప్రాణం పోయినంత పనైంది. ఇంతలో తలుపు బొక్కలోని గుడ్డ బయటికి జారింది, సన్నటి వెలుగు గీత ఒకటి గదిలోకి వచ్చింది.

"యాడుండావ్ పాపా?" అంది జేజి. చింతపండు తింటావా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"బస్తాల కాడ. ఈడ తేలుండాది జేజీ. వెల్లుల్లి వాసన కూడా వస్తాండాది."

ఆ వాసన ఏమిటో నాకు అప్పుడు తెలియదు. ఆ మందుది వెల్లుల్లి లాంటి వాసన, ఆ సంగతి పొద్దున్నే నాయన ఆమెకు చెప్పి పోయాడు. నాకు అప్పటికే తల దిమ్ముగా ఉంది, కడుపులో తిప్పుతోంది. అదంతా ఏడుపు వల్లనే అనుకున్నాను.

"తేలు నిన్నేమీ చేయదులే," అంది జేజి. "పావడా ఎత్తి ముక్కుకు అడ్డం పెట్టుకో. వెలుతురు పక్కకి రా."

రాలేనన్నాను. అప్పుడు ఆ వెలుగు గీత ఆరిపోయింది. నేను మళ్లీ కెవ్వుమనేలోగా, తన వేలు బొక్కలో పెట్టాననీ, వచ్చి దాన్ని పట్టుకొమ్మనీ, తాను ఎక్కడికీ పోననీ చెప్పింది. పోదని ఎలా నమ్మాలి? కానీ వేలు అక్కడుంటే మనిషి అక్కడున్నట్టే కదా. ఆ చిన్న లెక్క పిల్లబుర్రకు అందింది. నేను చీకట్లో కాళ్లు ఈడ్చుకుంటూ, ఒళ్లంతా తేళ్లు పాకుతున్నట్టు జలదరిస్తూ, తలుపు దాకా వచ్చి తడిమాను. వేలు దొరికింది. చింతపండు జిగురుతో అంటుకుంటోంది. నా పిడికిలి మొత్తం బిగించి పట్టుకున్నాను.

అప్పుడు తెలిసింది, ఆ వేలు వణుకుతోంది.

గొంతు వణకలేదు. ఆ గొంతు మెల్లగా, ఎప్పటి కోపపు జీర కూడా లేకుండా, చేయవలసింది చెబుతోంది. వేలు మాత్రం జ్వరం వచ్చినవాళ్ల ఒళ్లులా వణుకుతోంది. మా ఇంట్లో ఎవరికీ భయపడని జేజి భయపడుతోందని నా పిడికిలికి తెలిసిపోయింది. చిత్రమేమిటంటే, అది తెలిశాక నా భయం పెరగలేదు. చీకట్లో నేనొక్కదాన్నే భయపడటం లేదని కాబోలు, ఏడుపు ఆగింది.

"నా యేలికి పైన నీ చేతికి ఇనుము తగులుతాందా?"

"తగులుతాంది."

"ఇప్పుడు తలుపును నా పక్కకి తొయ్. గట్టిగా తొయ్."

నాకు అర్థం కాలేదు. తలుపు తెరుచుకునేది నా వైపుకు. అవతలికి తోస్తే ఇంకా మూసుకుపోతుంది. ఆ మాటే అన్నాను.

"మూసుకోనీ. మనిద్దరం దాన్ని పీకుతాండాం, అందుకే అది బిగుసుకుంటాంది. ముందు దాన్ని వదలాల. తోసి, అప్పుడు ఎత్తు."

ఆ ఇంట్లో ఆ తలుపును వాడిన ఆడవాళ్లందరికీ తెలిసిన కిటుకు అది. వానాకాలంలో తలుపు బిగుసుకుంటే ముందు కాస్త మూసి, గడియకు ఊపిరాడనిచ్చి, అప్పుడు ఎత్తాలి. జేజికి అది ముందునుంచీ తెలుసు. తెలిసి కూడా, నా కేక విన్న కంగారులో భుజంతో గుద్దింది. అంత మనిషికీ భయంలో చేతులు ఆగలేదు. ఆగి, ఆలోచించి, గుద్దడం మానడానికి ఆమెకు ఎంత గుండె నిబ్బరం కావలసి వచ్చిందో నాకు పిల్లలు పుట్టాక గానీ తెలియలేదు. లోపల విషం, లోపల మనవరాలు. అప్పుడు తలుపు మీద చేతులు తీసేయడం మాటలు కాదు.

రెండు చేతులూ కావాలి కాబట్టి వేలు వదలమంది. వదలనన్నాను. వదిలినా అది అక్కడే ఉంటుందని, నా చెంపకు తగులుతూనే ఉంటుందని చెప్పింది. చెంప ఆనించి చూశాను, నిజమే. అలా చెంప ఆ వేలికి ఆనించి, నా ఒళ్లంతా తలుపుకు మోపి, బయటికి రావలసిన నేనే తలుపును ఇంకా మూస్తూ, రెండు చేతులతో గడియను పైకి నెట్టాను. మొదట కదలలేదు. మళ్లీ తొయ్ అంది. తోశాను. గడియ కొక్కెంలోంచి వదులైనట్టు అనిపించింది, ఎత్తాను, లేచింది.

ఆ తర్వాత వెలుతురు ఒక్కటే గుర్తుంది. జేజి నన్ను చంకనేసుకుని పెరట్లోకి పరుగెత్తింది. అంత బక్క మనిషి నన్ను ఎలా ఎత్తిందో! గాలికి ఎదురుగా నిలబెట్టి, తొట్టిలో నీళ్లు చెంబులతో నా ముఖం మీద, ఒంటి మీద పోసింది. నేను కక్కుకున్నాను. వీపు నిమిరింది, ఆ నిమిరిన చేత్తోనే ఒక్కటి చరిచింది. తర్వాత చింతపండు చాప మీదనే కూలబడిపోయింది. ఆమె ఏడవడం చూడటం నాకు అదే మొదటిసారి.

పక్కింటివాళ్లను ఎందుకు పిలవలేదని అమ్మ తర్వాత అడిగింది. "నేను పక్కకు పోతే పాప తలుపు కాడి నుంచి పోతాదని భయపడినా," అంది జేజి. భయపడ్డానన్న మాట ఆమె నోట అంత సూటిగా రావడం అమ్మ అంతకుముందు ఎన్నడూ వినలేదు.

ఎర్ర పెట్ట నా వెనకే బయటికి వచ్చింది. మధ్యాహ్నానికి తల వాల్చేసింది. దాన్ని కూర వండనివ్వకుండా జేజి తానే గుంత తీసి పూడ్చింది. నేను గుంత పక్కన నిలబడి చూశాను. అప్పుడు గానీ ఆ గదిలో ఉన్నది తేలు కాదని నాకు అర్థం కాలేదు. అప్పుడు పుట్టిన భయం గదిలో పుట్టిన భయం కన్నా పెద్దది.

పొద్దు వాలే వేళకు నాయన నంద్యాల బస్సు దిగి, కాగితంలో చుట్టిన కొత్త పిడితో వచ్చాడు. జరిగిందంతా విన్నాడు. జేజి సుత్తి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఈ పొద్దు శుక్రారం గదమ్మా," అన్నాడు నాయన.

"నాకు తెలుసులే నాయనా. కొట్టు."

ఆయన తలుపు బార్లా తీసి, గది గాలి పోయేదాకా దూరంగా ఆగి, ఆ తర్వాత పిడి బిగించాడు. ఒక్కో దెబ్బకూ ఇల్లంతా అదిరింది. జేజి నన్ను ఒళ్లో పెట్టుకుని చివరి మేకు దిగేదాకా కదలకుండా చూసింది. లక్ష్మి వెళ్లిపోయిందో ఉందో, ఆ రోజు మాత్రం ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నేను నంద్యాలలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. జేజి వయసు నాకూ వచ్చింది. మొన్నీమధ్య పడకగది తలుపు పిడి వదులైందని మావాడు దాన్ని ఊడదీయబోయాడు. కొత్తది చేతిలోకి వచ్చేదాకా పాతది ఊడదీయనివ్వనని నేను అడ్డం నిలబడితే, అమ్మకు చాదస్తం ముదిరిందని నవ్వాడు. నవ్వితే నవ్వనీ. జీవితంలో ఎన్నో తలుపులు బిగుసుకున్నాయి, ఆసుపత్రుల్లో, పంపకాల్లో, పిల్లల పెళ్లిళ్లలో. ప్రతిసారీ ముందు గుద్దబోయాను. ప్రతిసారీ చెంపకు ఆ వేలు తగిలినట్టయి ఆగాను.

మావాడు కొత్తది తెచ్చి, పాత పిడి తీసి, కొత్త దాని మరలు వెతుక్కుంటుంటే, తలుపు అవతల మా చిన్న మనవరాలు ఆడుకుంటోంది. తలుపుకు బొక్క ఉంది. నేను ఊరికే వేలు అందులో పెట్టాను. అవతలినుంచి ఒక చిన్న పిడికిలి దాన్ని పట్టుకుంది.

"జేజీ, నీ యేలు ఎందుకట్ల వణుకుతాంది?" అని అడిగింది.

భయంగా ఉందమ్మా అని చెప్పాను. ఇంకా గట్టిగా పట్టుకుంది.