నౌసిమెనెస్ తోసిన మనుషులు

నౌసిమెనెస్‌కు ఒకటే పిచ్చి. ఒడ్డు అంచున మనిషి నిలబడి కనిపిస్తే ఆయన చేతులు ఊరుకోవు. వెనక నుంచి వచ్చి సముద్రంలోకి తోసేస్తాడు. పన్నెండేళ్లుగా ఏథెన్స్ యుద్ధనౌకకు అధిపతి, రెండు యుద్ధాలు గెలిచినవాడు అన్న సంగతి పిరేయస్ రేవులో ఎవరికీ గుర్తుండేది కాదు. ఆయన తోపు మాత్రం అందరికీ గుర్తే.

స్మిక్రోస్ కొండమీద బొగ్గులు కాల్చి బతికేవాడు. ముప్పై ఏళ్ల వయసులో తెడ్డు వేసే పనికి ఉల్లిపాయల సంచీ భుజాన వేసుకుని రేవుకు వచ్చాడు. నౌసిమెనెస్ ఆప్యాయంగా పలకరించి, ఊరేది, పిల్లలెందరు, భార్య పేరేమిటని అడిగాడు. పెద్దాయన ఎంత మంచివాడో అని మురిసిపోతుండగానే స్మిక్రోస్ నీళ్లలో ఉన్నాడు.

ఆయన పైనుంచి గడ అందిస్తూ, "గడ్డం పైకెత్తి కాళ్లాడించు నాయనా. మీ ఆవిడ పేరు ఏమన్నావు?" అన్నాడు.

స్మిక్రోస్ మూడు గుక్కల ఉప్పునీళ్లు మింగి ఆ పేరు చెప్పాడు.

ఆయన ఓడలో నూట డెబ్భై మంది తెడ్డువాళ్లూ అలా మునిగి తేలినవాళ్లే. పక్క ఓడలవాళ్లు వీళ్లను కప్పలని వెక్కిరించేవారు. చుక్కాని పట్టే ముసలి హెగెలోకోస్ అయితే రేవులో గోడకు వీపు ఆనించి పీతలాగా పక్కకు నడిచేవాడు.

ఫిర్యాదులు నగరసభ దాకా వెళ్లాయి. విచారణకు వచ్చిన పెద్దమనిషి తెల్లటి కొత్త బట్టలో, సరిగ్గా ఒడ్డు అంచునే నిలబడి ఉత్తర్వు చదవసాగాడు. రెండో వాక్యం ఎవరూ వినలేదు. నౌసిమెనెస్ పదవి ఆ రోజే ఊడేది కాని, శత్రువుల ఓడలు బయల్దేరాయని కబురు రావడంతో ఆయన్ను పంపక తప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నం శత్రువు ఓడ కంచు ముక్కు వీళ్ల ఓడ పక్కలో దిగింది. నీళ్లు లోపలికి వచ్చేస్తుంటే అందరూ దూకి, కనుచూపు మేరలో ఉన్న ఒడ్డువైపు ఈదసాగారు. స్మిక్రోస్ వెనక్కి తిరిగి చూస్తే, నౌసిమెనెస్ ఓడ వెనక కొయ్యను పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

"దూకండయ్యా."

"మీరు పదండి. నేను తర్వాత వస్తా."

"తర్వాత ఓడే ఉండదు కదయ్యా."

పెద్దాయన కొయ్యను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "నాకు ఈత రాదురా."

స్మిక్రోస్ వెనక్కి ఈది, ఆయన్ను నీళ్లలోకి దింపి, తేలుతున్న ఒక తెడ్డును ఆయన చంకల కిందికి తోసి, లాక్కుంటూ ఈదాడు. దారిలో పెద్దాయన చెప్పుకొచ్చాడు. వయసులో ఉండగా ఆయన ఓడ ఒకటి మునిగిందట. చెక్క దొరికి తను బతికాడు, ఈత రాని స్నేహితులు ఒక్కరూ మిగల్లేదు. అప్పటినుంచి నీళ్లు మోకాళ్లు దాటితే ఒళ్లు బిగుసుకుపోతుందట.

"నేను నేర్చుకోలేకపోయా. మీకైనా వస్తే చాలనుకున్నా. రమ్మంటే ఎవరూ దిగరు కదరా."

"నోరు మూసుకోండయ్యా, నీళ్లు పోతాయి."

ఒడ్డున తలలు చూసుకుంటే ఒక్కరూ తగ్గలేదు.

నెల తర్వాత ఒక ఉదయం పిరేయస్ పక్కన తీరం లోపలికి వంగిన చిన్న మలుపులో నౌసిమెనెస్ మోకాళ్లలోతు నీళ్లలో స్మిక్రోస్ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఇవాళ్టికి ఇది చాలన్నాడు. స్మిక్రోస్ ఇంకొక్క అడుగన్నాడు. పక్క ఓడలవాళ్లెవరూ చూడకుండా తెడ్డువాళ్లంతా ఒడ్డు పొడవునా గోడ కట్టినట్టు నిలబడ్డారు, పెద్దాయన సిగ్గుపడకుండా తమ వీపులు సముద్రంవైపు తిప్పి.