యాదగిరి సార్ తొక్కి చూడని దారి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ వైపు, రోడ్డు పక్కన వేసిన సైకిల్ దారి మీద వెళుతుంటే, సిమెంటు పలకల అతుకు వచ్చినప్పుడల్లా చక్రం కింద టక్కుమంటుంది. ఆ అదురు అరచేతుల దాకా వస్తుంది. పక్కన బస్సుల రొద ఎంత ఉన్నా నాకు అదే వినబడుతుంది. అతుకు ఎంత నున్నగా ఉండాలో నాకు నేర్పింది యాదగిరి సార్. డిప్లొమా ముగించి చేరిన మొదటి ఉద్యోగంలో ఆయన నా పై ఇంజనీరు.

నల్గొండ పల్లె నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన మనిషి. పని పూర్తయిందని సంతకం పెట్టే ముందు దారినంతా తన పాత సైకిల్ మీద తొక్కి చూసేవారు. ముందు బుట్టలో గుడ్డ చుట్టి నిలబెట్టిన స్టీలు గ్లాసు, అందులో ముప్పావు వంతు నీళ్ళు. నీళ్ళు తొణికిన చోట దిగి సుద్దముక్కతో గీత గీసేవారు. అక్కడ మళ్ళీ చేయాల్సిందే. కాంట్రాక్టరు మనుషులు వెనక నవ్వుకునేవారు. ఒకసారి నా జాబితా చూపించాను: వెడల్పు, వాలు, అతుకులు, నీటి కాలువ, లైట్లు, ఇలా ఇరవై రెండు అంశాలు. ఆయన ఓపిగ్గా చదివి, "మంచిగ రాసినవ్‌రా. కాయితం మీద ఎవడు సైకిల్ తొక్కడు గాని," అన్నారు.

రిటైరయ్యే ముందు ఆయన చూసిన చివరి పని ఈ దారే. ఇరవై రెండో అంశం, బైకులు ఎక్కకుండా దారి మొదట్లో పాతాల్సిన ఇనుప స్తంభాలు. రేపు పాతేస్తామని కాంట్రాక్టరు మనిషి ఫోన్లో చెప్పాడు. నేను వెళ్ళి చూడకుండానే టిక్కు పెట్టాను. ఆ వారం సార్‌కు మోకాలు వాచింది. జాబితా అందుకుని, నువ్వు చూశావు కదా చాలు అని, తొక్కకుండానే సంతకం పెట్టారు. ఆయన అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు. స్తంభాలు ఎవరూ పాతలేదు.

మోకాలి వాపు తగ్గాక ఒక సాయంత్రం ఆయన సైకిల్ మీద ఈ దారి చూడటానికి వచ్చారు. ట్రాఫిక్ తప్పించుకోవడానికి దారెక్కిన బైకు ఒకటి ఎదురుగా వచ్చి గుద్దింది. తుంటి విరిగింది. జరిగింది చెప్పేయాలనే దవాఖానకు వెళ్ళాను. ఆయనే ముందు మాట్లాడారు.

"స్తంభాలు లెవ్వురా ఆడ. పీక్కపోయి పాత ఇనుము కింద అమ్ముకున్నట్టున్నరు. నువ్వు చూసినప్పుడు ఉండె గద?"

మంచం పక్కన కూర్చున్న ఆయన భార్య నా వైపు చూసింది.

"ఉండె సార్," అన్నాను.

ఆయన ఆమె వైపు తిరిగారు. "నేను చెప్పలే? ఈడు రాసిండంటే ఉన్నట్టే."

రెండు నెలలు మంచంలోనే ఉండి చనిపోయారు. స్తంభాలు పాతమని ఎన్నిసార్లు అడిగినా, ఆఫీసువాళ్ళు రికార్డులో ఆ పని అయిపోయినట్టే ఉందంటారు. ఆ రికార్డు నేను రాసిందే. ఈ దారి మీద బైకులు ఇప్పటికీ ఎదురొస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు ఏ పనికి వెళ్ళినా ప్రతిదాన్నీ చేత్తో తాకాకే టిక్కు పెడతాను. ఇంత జాగ్రత్త ఎవరి దగ్గర నేర్చుకున్నావని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతారు. యాదగిరి సార్ దగ్గర అంటాను. అంతవరకే చెబుతాను.