శాలువా కప్పిన బ్యాటరీ

ఆ రోజుల్లో ఒక వస్తువును జాగ్రత్తగా చూసుకోవడమంటే దాన్ని కప్పి, దాచి, ఎవరి చేతికీ అందకుండా ఉంచడమేనని నా గట్టి నమ్మకం. (మనుషుల విషయంలోనూ ఇంచుమించు అదే పద్ధతి పాటిస్తున్నానని అప్పట్లో నాకు తెలియదు.) ఇరవై రెండేళ్ళ వయసులో, రాయ్‌పూర్ పక్కనున్న సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా నా మొదటి ఉద్యోగం. శంకర్ నగర్‌లో ఒక మేడ మీద గది తీసుకున్నాను. మా ఊళ్ళో మూడు హిందీ పరీక్షలు పాసైన గర్వంతో రాయ్‌పూర్‌లో రైలు దిగానా, ల్యాబులో మొదటి రోజే దాహమేసి, అచ్చం పాఠ్యపుస్తకంలోలా "కృపయా జల్ దీజియే" అన్నాను. ల్యాబంతా ఘొల్లుమంది. వాళ్ళు నవ్వింది ముచ్చటేసే అయినా, ఆ తర్వాత నేను శాంపిళ్ళ నంబర్లు చెప్పడానికి తప్ప నోరు విప్పలేదు.

నాకున్న తోడల్లా అన్నయ్య కొనిచ్చిన ల్యాప్‌టాప్. చెల్లి విశాఖలో నర్సింగ్ చదివేది. హాస్టల్ కంప్యూటర్ గదిలో ఆదివారం సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా దాని వంతు. ఆ గంట తెర మీద దాని మొహం చూసి, మిగతా ఆరు రోజులూ నెట్టుకొచ్చేదాన్ని. ఆ గంటలో కరెంటు పోతే? అందుకని బ్యాటరీ ఎప్పుడూ నూటికి నూరు శాతం ఉండాలని పంతం పట్టి, ప్లగ్గు పీకడమే మానేశాను. రాయ్‌పూర్‌లో కిటికీలు మూసినా ఫ్యాక్టరీల నల్లపొడి గదిలోకి వచ్చేది కదా, అందుకని ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పడుకోబెట్టి, పైన ఉన్ని శాలువా కప్పి, అలాగే చార్జింగ్‌లో వదిలేసి డ్యూటీకి వెళ్ళేదాన్ని. మే నెల ఎండలో తిరిగొచ్చి చూస్తే పెనంలా కాలుతుండేది. "పాపం, చార్జ్ బాగా ఎక్కుతోంది" అని మురిసిపోయేదాన్ని. (రోజంతా కొలిమి ముందు నిలబడే కెమిస్టును! వేడి ఏం చేస్తుందో నాకే తెలియాలి.)

కింద ఇంటావిడను మామ్మగారు అనేదాన్ని. రైల్వే ఉద్యోగి భార్యగా శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. సాయంత్రమయ్యేసరికి మెట్ల దగ్గర నిలబడి కేకేసేవారు. "ఓలమ్మా, పకోడీలు ఏసినాను, గరం గరం ఉన్నాయి, జల్దీ రా!" కొత్తవాళ్ళ ఇంట్లో కూర్చుని ఏం మాట్లాడాలో తెలియక నేను పైనుంచే "చార్జింగ్ పెట్టానండీ" అనేదాన్ని. మర్నాడు పిలిచినా అదే మాట. చివరికి ఆవిడ చార్జింగ్ అంటే ఏదో నోము అనుకుని, "ఆ పిల్లకి బిల్కుల్ టైమ్ ఉండదు, రోజూ చార్జింగ్ పెట్టుకుంటాది" అని వీధిలో వాళ్ళకు భక్తిగా చెప్పారట.

ఒక ఆదివారం పొద్దున్న చూద్దును కదా, ల్యాప్‌టాప్ బల్ల మీద కుదురుగా కూర్చోవడం లేదు. అడుగు ఉబ్బి ఊగిసలాడుతోంది. నొక్కితే సర్దుకుంటుందేమోనని దాని మీద ప్రెషర్ కుక్కర్ పెట్టాను. సరిగ్గా అప్పుడే ఆరేసిన బట్టలు తీయడానికి పైకొచ్చిన మామ్మగారు గుమ్మంలోంచి తొంగిచూశారు.

"ఏటిదీ, దీని మీద పప్పు ఉడకెడతన్నావా?"

"ఉబ్బిందండీ" అన్నాను ఏడుపు గొంతుతో.

"తియ్యి తియ్యి! ఉబ్బినదాన్ని నొక్కీకూడదు" అని కుక్కర్ దింపి, నన్ను ఆటో ఎక్కించి, తనకు తెలిసిన రిపేరు షాపుకు తీసుకెళ్ళారు. షాపతను "కా హోగే దీదీ?" అని, ఏమైందంటూ తిప్పి చూసి, ఉలిక్కిపడి "ఫూల్ గయా!" అన్నాడు. నా హిందీ పాండిత్యం ప్రకారం ఫూల్ అంటే పువ్వు. ఏ పువ్వు ఎక్కడికి పోయిందో అర్థంకాక బిత్తరచూపులు చూస్తుంటే మామ్మగారు "ఉబ్బిపోనాదంతన్నాడు" అని తెలుగు చేశారు. అతను పూరీలా పొంగిన బ్యాటరీని మెల్లగా విప్పి తీసి, ఇసుక బకెట్‌లో పెట్టి బయటికి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి క్లాసు పీకాడు. ఇరవై శాతానికి దిగినప్పుడు పెట్టాలట, ఎనభై అయ్యాక తీసెయ్యాలట, గట్టి బల్ల మీద గాలి తగిలేలా ఉంచాలట. నేను శాలువా సంగతి చెప్పగానే "ఔర్ శాల్? మయీ మే?" అని, మే నెలలో శాలువా ఏమిటంటూ తల పట్టుకున్నాడు. కొత్త బ్యాటరీ వచ్చేదాకా ల్యాప్‌టాప్ వైరు మీదే నడుస్తుందన్నాడు.

సరే, ఐదింటికి వైరు పెట్టుకుని కూర్చున్నాను. చెల్లి తెర మీదికి వచ్చి, "అక్కా, నీకొక మాట చెప్పాలి, ఏమనుకోకు" అంది. అంతే, బయట గాలివాన, కరెంటు పోయింది, తెర నల్లబడింది. ఏమిటా మాట? సెల్‌ఫోన్‌లో హాస్టల్‌కు చేస్తే, వార్డెన్ "ఆదివారం ఫోన్లు ఇవ్వం" అని పెట్టేసింది. కొవ్వొత్తి ఇవ్వడానికి పైకొచ్చిన మామ్మగారు నా మొహం చూసి ఫోన్ లాక్కుని, మళ్ళీ చేయించి, "నాను ఆ పిల్లల అమ్మమ్మని, రాయ్‌పూర్ నుంచి! ఫటాఫట్ పిలవండి!" అని గద్దించారు. రెండు నిమిషాల్లో చెల్లి లైన్లో ఉంది.

"వచ్చే వారం నుంచి ఆదివారాలు నాకు వార్డు డ్యూటీ వేశారక్కా. ఇక ఆ గంట ఉండదు. నువ్వు బాధపడతావని నెల నుంచీ చెప్పలేకపోతున్నాను."

"దానికేముందే, ఉత్తరాలు రాసుకుందాం" అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మెట్ల మీద కూలబడ్డాను. మామ్మగారు ఓదార్చలేదు. వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఈ గది ఆర్నెల్లు ఖాళీగా ఉంచినాను, తెలుసా? మా ఆయన పోయినాక ఇంట్లో తెలుగు ఇనపడ్డం మానీసింది. తెలుగు మనిషికే ఇస్తానని కూకున్నాను. నువ్వొచ్చినావు. వొచ్చి, చార్జింగ్ పెట్టుకున్నావు."

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు, నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం తల ఎత్తాలనిపించలేదు. ఆ సాయంత్రం మొదటిసారి ఆవిడ వంటింట్లో పీట మీద కూర్చుని అన్నం తిన్నాను. ఏం మాట్లాడాలా అన్న బెంగే అక్కర్లేకపోయింది, ఆవిడ నాకు సందిస్తే కదా!

రెండేళ్ళ తర్వాత ఉద్యోగం మారి రాయ్‌పూర్ వదిలేటప్పుడు ఆవిడే స్టేషన్‌కు వచ్చి రైలెక్కించారు. బండి కదిలాక కాసేపు ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని చూస్తే ఎదురు సీట్లో ఒక ముసలాయన, చంకలో సొరకాయతో నన్నే చూస్తున్నాడు. ఎక్కడికని అడిగాను. రాయగడ వచ్చేదాకా తన కబుర్లు ఆగకుండా చెప్పాడు. నేనూ ఆగకుండానే చెప్పాను. ఆయన దిగిపోయాక గుర్తొచ్చింది, ఒకళ్ళ పేరు ఒకళ్ళం అడగనేలేదని. ఇప్పటికీ అప్పటి నేను, ఆ పిల్ల, గుర్తొస్తుంటుంది, కిటికీ చువ్వలకు మొహం ఆనించి, పేరు తెలియని మనిషి చెయ్యి ఊపితే తనూ ఊపుతున్న పిల్ల. ఎంత ఆలస్యంగా నేర్చుకుందో, నేర్చుకున్నాక ఎంత సంబరపడిపోయిందో, తలచుకుంటే నవ్వొస్తుంది.