వదిన మోచేతి కింద నా చెయ్యి

ఆరేళ్లుగా ఒక చెయ్యి బరువు మోస్తున్నాను. నాది కాదు, మా వదినది. ముక్కూ ముఖం తెలియని మీకు చెప్పకపోతే ఇంకెవరికీ చెప్పలేను.

మాది అద్దంకి దగ్గర ఊరు. అన్నయ్య మా చర్చిలో సంఘ పెద్ద. నేను ఊరి ఆరోగ్య కేంద్రంలో పని చేస్తాను. ఒంగోలు డాక్టరు గారు వీడియోలో రోగిని చూస్తుంటే, ఇక్కడ ఆయన చేతులు నావే. ఎక్కడ నొక్కమంటే అక్కడ నొక్కి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

స్త్రీల ఉపవాస ప్రార్థనలో ఎవరి అవసరత వాళ్లు చెప్పుకుంటారు. ఆరేళ్ల కిందట ఒకసారి వదిన లేచి, "మా ఆయన నన్ను కొట్టకుండా ప్రార్థన చేయండి" అంది. మర్నాడు అన్నయ్య ఆమెను కల్లంలో మిరపకాయల మీద పడేసి పార కామతో కొట్టాడు. "సంఘంలో నా పరువు తీస్తావటే?" ఎముక విరిగిన చప్పుడు విన్నాక కూడా అదే చేతి మీద కొట్టాడు. ఆమె నోటి నెత్తురు కాయల్లో కలిసిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను.

తర్వాత కేంద్రానికి తెచ్చాం. అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"చెయ్యి ఎత్తమనమ్మా," అన్నారు డాక్టరు గారు.

ఎత్తలేకపోయింది. ఫోను ఆమె భుజానికి దగ్గరగా జరిపి, తెరలో కనపడకుండా మోచేతి కింద నా చెయ్యి పెట్టి ఎత్తాను. విరిగిన ఎముక నా అరచేతిలో కరకరలాడింది. వదిన పెదవి కొరుక్కుంది.

"మణికట్టు కిందికి నొక్కు. ఎదురు బలం ఉందా?"

అది కోసిన కోడి మెడలా వేలాడుతోంది.

"ఉందండి."

"దెబ్బ ఎలా తగిలింది?"

"బస్తాల మీద నుంచి జారిందండి."

"బెణుకే అయ్యుంటుంది. కట్టు కట్టి మాత్రలివ్వు."

ఫోను పెట్టేశాక వదిన, "బాగా కుదిరారు అమ్మాయ్, అన్నాచెల్లెళ్లు," అంది.

ఎందుకు చేశాను? నిజం చెబితే పోలీసు కేసవుతుంది, సంఘం చీలుతుంది, దేవుని నామానికి అవమానం అనుకున్నాను. అదేనా? ఆ పార కామ నా వైపు తిరుగుతుందన్న భయాన్ని దేవుని పేరు వెనక దాచుకుని, ఆ ఆదివారమే సండే స్కూలు పిల్లలతో అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ కంఠతా చెప్పించాను.

ఆ చేతికి పట్టు తిరిగి రాలేదు. కాయ కోయలేదు, జడ వేసుకోలేదు. అన్నయ్య ఇప్పటికీ కొడతాడు. అడ్డం పెట్టుకోవడానికి ఆమెకు ఒక్క చెయ్యే ఉంది.

ఇన్నాళ్లూ మోకాళ్ల మీద "నా బలహీనతను క్షమించు తండ్రీ" అన్నాను. అది బలహీనత కాదు. విరిగిందని తెలిసే ఎత్తాను. క్షమించమని మిమ్మల్ని అడగను. ఇది రాసేసరికి ఊపిరి కాస్త అందుతోంది. అందుతున్నందుకు సిగ్గేస్తోంది.